బిగిసిపోయిన స్క్రూ

బైకుల సస్పెన్షన్ మెకానిక్ ఒకాయన, డిటెక్టివ్ గారి ఆఫీసుకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని అన్న మొదటి మాటకే అసిస్టెంటు చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఆ తప్పు చేసింది నేనో కాదో కనుక్కోండి మేడం. నేనే అయితే దాచకుండా చెప్పండి."

రేస్ ట్రాక్ మీద బైకు నడపడం నేర్పే స్కూల్లో, విద్యార్థుల బరువుకి తగ్గట్టు వాళ్ళ బళ్ళ సస్పెన్షన్, అంటే గతుకుల అదురుని ఆపే స్ప్రింగుల అమరిక, సరిచేయడం ఆయన పని. నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం ఒకమ్మాయి మూడో మలుపులో పడి కాలు విరగ్గొట్టుకుంది. చూస్తే బండి వెనక షాక్ అబ్జార్బర్ మీది స్క్రూ పూర్తిగా మూసి ఉంది. అలా మూస్తే గతుకులో కిందికి నొక్కుకున్న స్ప్రింగు వెంటనే పైకి లేవదు. ఆ వెంటనే ఇంకో గతుకు వస్తే చక్రం పట్టు తప్పుతుంది. రేపు సాయంత్రం ఆయన్ని పనిలోంచి తీసేస్తామన్నారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్ల కాలు తన చేతుల మీదుగా విరిగిందేమోనన్న ఆలోచనకే ఆయనకి ముద్ద దిగడం లేదు.

"ఆ స్క్రూ ఎలా తిప్పుతారు?" అంది డిటెక్టివ్.

"ముందు పూర్తిగా మూసేస్తామండి. అక్కణ్ణుంచి తెరుస్తూ టిక్కు టిక్కుమనే క్లిక్కులు లెక్కపెడతాం. పొద్దున పన్నెండు పెట్టి కాగితం మీద రాశాను. బండి ఊగుతోందని ఆ అమ్మాయి అంటే భోజనానికి ముందు తొమ్మిదికి మార్చాను. కాగితం మాత్రం దిద్దలేదు. తిని వచ్చాక దిద్దొచ్చులే అనుకున్నా."

ఆయన తల ఇంకా కిందికి దిగింది. "సిగ్గేసి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మూశాక మళ్ళీ తెరిచాననే గుర్తు. కానీ ఆ పూట పదిహేను బళ్ళు చేశాను. నా గుర్తుని నేనే నమ్మలేకపోతున్నా."

"ఇక ముందు కూడా ఎవరితోనూ అనకండి," అంది డిటెక్టివ్. అసిస్టెంటు గట్టిగా తల ఊపాడు. మేడం మాట అర్థమయ్యేలోపే తల ఊపేయడం అతనికి అలవాటు.

మర్నాడు పొద్దున షెడ్డులో హెడ్ కోచ్ కాగితం తెచ్చి చూపించాడు. "పన్నెండు అని ఉందండి. బళ్ళని మెకానిక్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అది మా రూలు."

"భోజనాలప్పుడు షెడ్డులో ఎవరున్నారు?"

"నేనున్నా," అన్నాడు ఆ అమ్మాయి అన్న. బళ్ళ పిచ్చి ఉన్నవాడు, చెల్లెల్ని ఈ స్కూల్లో చేర్పించిందీ అతనే. "కాగితాన్ని పట్టుకుని ఏం చూస్తారండీ? రాసేది పన్నెండు, పెట్టేది తొమ్మిది, ఆఖరికి సున్నా. ఇలాంటి మనిషి చేతికి బళ్ళు ఇస్తారా? మా చెల్లెలు ప్రాణాలతో బయటపడింది, అదే పదివేలు."

కుర్రాడన్న ప్రతి మాటా తనకి తగినదే అనిపించింది మెకానిక్‌కి. గోడవైపు తిరిగి, శుభ్రంగానే ఉన్న స్పానర్లని తుడుస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం డిటెక్టివ్ అందర్నీ క్లాసుగదిలో కూర్చోబెట్టింది. కాలికి కట్టుతో ఆ అమ్మాయి కూడా వచ్చింది.

"ఈ స్క్రూ ఎన్ని క్లిక్కుల మీద ఉందో ఊరికే చూస్తే తెలీదు," అంది డిటెక్టివ్. "పూర్తిగా మూస్తూ లెక్కపెట్టాలి, తర్వాత మళ్ళీ అన్నీ తెరవాలి. అంటే సరిగ్గా ఉందో లేదో చూడబోయినవాడు మధ్యలో వదిలేస్తే అది మూసే ఉండిపోతుంది. కాగితంలో పన్నెండు ఉంది. అసలు పెట్టింది తొమ్మిదని మెకానిక్ గారు మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఒకరి నోట ఆ తొమ్మిది వచ్చింది. అది మీకెలా తెలిసింది బాబూ?"

ఆ అన్న చెల్లెలి వైపు చూడకుండా చెప్పాడు.

"ఆయన మీద నమ్మకం లేక చూశాను. లెక్క తేడా వచ్చేసరికి కోచ్‌ని పిలుద్దామని లేచి వెళ్ళా. ఆయన కోసం వెతుకుతుంటే అందర్నీ ట్రాక్ మీదికి రమ్మని హారన్ కొట్టారు. నేను తిరిగొచ్చేసరికి చెల్లి బండి తీసుకుని వెళ్ళిపోయింది. తను పడ్డాక గుర్తొచ్చింది, మళ్ళీ తెరవలేదని. అప్పటికే అందరూ ఈయన పేరే అంటున్నారు. నేనూ అదే పాట అందుకున్నా."

అసిస్టెంటు మేడం వైపు మెచ్చుకోలుగా చూడబోయి, ఆ అమ్మాయి మొహం చూసి తల దించుకున్నాడు.

"పడ్డందుకు నాకు కోపం లేదన్నయ్యా," అంది ఆ అమ్మాయి. "ఇన్ని రోజులుగా నా మంచం పక్కన కూర్చుని ఆయన్ని తిట్టావు. నీ మాట నమ్మి నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు ఆయన మొహం ఎలా చూడను?"

కోచ్ లేచి, రేపటి నుంచి మామూలుగా పనిలోకి రమ్మన్నాడు. గుండెల మీద బరువు దిగుతుందనుకున్నాడు మెకానిక్. దిగలేదు. ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"కాగితం మీద తొమ్మిదని దిద్ది ఉంటే లెక్క సరిపోయేదమ్మా. మీ అన్న కోచ్ కోసం లేచి వెళ్ళేవాడు కాదు, అక్కడే కూర్చుని తెరిచేసేవాడు. అందులో నా తప్పూ ఉంది."

కాదని ఎవరైనా అంటారేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు. డిటెక్టివ్ గారు కూడా అనలేదు.