గోడ వంక చూడండి

ఆమెతో నేను పలికిన మొదటి మాట ప్రేమకు పనికొచ్చేది కాదు.

"మీ గీత రెండు నూలు కిందికి దిగింది" అన్నాను.

అక్క కట్టుకున్న కొత్త ఇంటి ముందుగది అది. తూర్పు గోడ ముందు ముక్కాలిపీట వేసుకుని నిలబడి ఉందామె. ఎడమచేతిలో జేగురు కలిపిన చిప్ప, కుడిచేతిలో పుల్ల కొస నలగ్గొట్టి తానే చేసుకున్న కుంచె. నా మాట విని కూడా వెనక్కి తిరగలేదు.

"నూలంటే నాకు తెలిసింది దారమే" అంది, గోడతోనే చెబుతున్నట్టు.

"అంగుళంలో ఎనిమిదో వంతు. మా వడ్రంగుల కొలత."

"అంటే పావు అంగుళం. పావు అంగుళం కోసం చెప్పులైనా విడవకుండా వచ్చి వంక పెట్టారన్నమాట."

తల వంచి చూసుకున్నాను. నిజమే, చెప్పులు కాళ్లకే ఉన్నాయి. వాటిని గుమ్మం బయట వదిలి వచ్చేసరికి ఆ గీత మీద మరో పిట్ట వాలింది.

ఇంట్లో కంటికి కనబడేదంతా చేతితో చేసిందే కావాలని అక్క పంతం. నేల మీద పేలికలు మెలివేసి అల్లిన చాపలు. పైకప్పుకు బుట్టలు తిరగేసి కట్టిన దీపాలు. కిటికీలకు అద్దపు ముక్కలు కుట్టిన తెరలు. "మరి ఫ్రిజ్ సంగతి?" అని బావ అడిగితే, "దానికీ ముసుగు కుడుతున్నాను" అని సూదిలో దారం ఎక్కించింది. తలుపులూ అల్మరాలూ తమ్ముణ్ణైన నా వంతు. గోడలు ఆమె వంతు. అందుకే ఇంట్లో అందరికీ ఆమె గోడలమ్మాయి అయింది. ఆమెకు మాత్రం నేను నూలుగారినయ్యాను.

మూడు వారాలు ఒకే కప్పు కింద పనిచేశాం. నా చేతిలో ఎప్పుడూ రసమట్టం ఉండేది. గాజు గొట్టంలో బుడగ ఆడుతూ ఉండే చెక్కబద్ద. బుడగ నడిమికి వస్తే గీత సమంగా ఉన్నట్టు. ఆమె గీతల దగ్గర అది ఒక్కసారి కూడా నడిమికి రాలేదు.

"ఆ బుడగ మధ్యలో నిలబడకపోతే మీకు అన్నం సయించదా?" అని ఒకరోజు అడిగింది.

"బుడగ అబద్ధం ఆడదు."

"నిజమే. కానీ పిట్టలు బుడగను అడిగి ఎగరవు కదా."

తరువాత రోజుల్లో కూడా రసమట్టం తీస్తూనే ఉన్నాను గానీ, గాజు గొట్టం వైపు చూడటం మానేశాను. మట్టం చూసే వంకతో ఆమెను చూడటం అలవాటైంది. చెవి వెనక దోపుకున్న కుంచెను, మోచేతి దాకా ఎండిన ఎర్రమన్నును, రంగు కుదిరినప్పుడు ఆమె చప్పుడు లేకుండా కదిపే పెదవులను చూసేవాణ్ణి.

గోడ మీది పిట్టలన్నీ జంటలే. ఒకదాని ముక్కుకు ఎదురుగా ఒకటి. గుమ్మం వైపు చివరన మాత్రం ఒకే ఒక్క పిట్ట, ఎదురు చూపుతో.

"దీనికి జత లేదే?" అన్నాను.

"జతకు చోటెక్కడిది? మీ తలుపు తెరిస్తే ఆ చివరి రెండు మూరల గోడా దాని వెనక్కి పోతుంది. కనబడని చోట బొమ్మ ఎందుకు?"

"తలుపు మూసినప్పుడు కనబడుతుంది కదా."

"మూసి మరీ చూసేవాళ్లుంటే అప్పుడు ఆలోచిద్దాం" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "ఇది మా నాయనమ్మ నేర్పిన చెయ్యండీ. కొలవదు, చెరపదు. ఇంతకుముందు పనిచేసిన ఇంట్లో వరుస వంకరగా ఉందని ఇంటాయన నేను చూస్తుండగానే గోడంతా సున్నం కొట్టించాడు. అప్పట్నుంచి వంక అన్న మాట వింటే చాలు, ఆ సున్నమే కళ్ల ముందుకొస్తుంది."

మొదటిరోజు నేనన్న మాట గుర్తొచ్చింది. మన్నించమని అడగాలనుకున్నాను. రసమట్టం సంచిలో పెట్టేసి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆమె పని రేపటితో అయిపోతుంది. ఎల్లుండి పొద్దున్న బస్సెక్కి వేరే ఊరు వెళ్తుంది. అక్కడ పెద్ద ఇల్లు, నెలల పని.

"చెక్కనైనా కొడితే చప్పుడొస్తుందిరా, నీ దగ్గర అదీ లేదు" అంది అక్క. "ఆ పిల్ల వెళ్లిపోయాక ఖాళీ పీటతో చెప్పుకుంటావా?"

చివరిరోజు ఆమె రాకముందే వచ్చాను. గది తలుపు మూసి, ఆమె చిప్పలోని జేగురు తీసుకుని, ఆ ఒంటిపిట్టకు ఎదురుగా నేనూ ఒక పిట్టను గీశాను. మెడ ఒరిగింది. తోక లావైంది. ఒక కాలు పొడుగైంది. జీవితంలో మొదటిసారి, కొలవకుండా గీశాను. దాని కింద సన్నగా రాశాను: 'ఈ పిట్ట వంకరది. అయినా జతగా ఉండనిస్తారా?'

తరువాత ఒక చీటీ ముక్క మీద, 'తూర్పు గోడ వంక చూడండి. చూశాక ఏం చేయాలో మీరే చెప్పండి' అని రాసి ఆమె రంగు డబ్బా మూత కింద పెట్టాను. తలుపుకు ఆఖరి వార్నిష్ పూత కూడా వేశాను. దానికి గాలి తగలాలి కదా అని తలుపును గోడ దాకా బార్లా తెరిచి, గడియ తేవడానికి మా షెడ్డుకు వెళ్లాను.

పదకొండు గంటలకు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ పిల్లకు ఏం రాశావు?"

"ఎందుకక్కా?"

"గోడకు సున్నం కొడుతోంది. పిలిస్తే పలకడం లేదు. కళ్లు చూస్తే ఎర్రగా ఉన్నాయి. ముందు నువ్వు రా."

బయట వాన. గొడుగు గుర్తు రాలేదు. పిడికిట్లో గడియతో పరుగెత్తాను. అడుగడుక్కీ ఒకటే మాట చెవుల్లో మోగింది: చూసింది, చెరిపేస్తోంది. ఇంతకన్నా తేటగా ఎవరు మాత్రం జవాబు చెబుతారు?

నేను వెళ్లేసరికి కిటికీ వైపు నుంచి సగం గోడకు పైగా సున్నం పడింది. తడి సున్నం కింద పిట్టలు ఇంకా మసకగా కనబడుతున్నాయి, మంచులో నిలబడ్డట్టు. కిటికీ పక్కనున్న మొదటి జంట మీద మాత్రం సున్నం అప్పటికే ఆరి, తెల్లబడింది. వంటింటి గుమ్మంలో అక్క, చేతిలో సగం కుట్టిన ఫ్రిజ్ ముసుగుతో నిలబడిపోయింది.

"చూశారా?" అన్నాను.

"చూశాను" అంది, కుంచె ఆపకుండా.

"మొత్తం చూశారా?"

"ఈ చివర కన్ను పెట్టి ఆ చివరి దాకా చూశాను. మీరు రాసింది నిజమే."

"నిజమే అని తెలిశాక కూడా..."

"తెలిశాక ఉంచుకోమంటారా? ఇంకొకరు చెరిపేలోపు నా చేత్తో నేనే చెరుపుకుంటున్నాను. నాకు అది నయం."

"ఒక్క మాట నోటితో చెప్పినా సరిపోయేది కదండీ."

అప్పుడు తిరిగింది. "నోటితోనా? చీటీ పెట్టి పారిపోయిన మనిషి ఆ మాట అనాలా?"

"పారిపోలేదు. గడియ కోసం వెళ్లాను." పిడికిలి తెరిచి చూపించాను. ఎవరూ నవ్వలేదు.

"ఇది నాయనమ్మ చెయ్యి అని మీకొక్కరికే చెప్పాను. నూలుగారికి అర్థమైందనుకున్నాను. మట్టం సంచిలో పెట్టేస్తే సంబరపడ్డాను కూడా. ఆఖరి రోజున కాగితం మీద పెట్టి మరీ చూపించారు."

తప్పు తెలిసిందనుకున్నాను. "నిజమే. మీ నాయనమ్మ పిట్టల పక్కన నా చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "మీ చెయ్యేంటి?"

"చెరపండి. మిమ్మల్ని ఇంకేమీ అడగను. కానీ తలుపు వెనకది కూడా చెరిపేయండి. అదొక్కటీ మిగిలితే, ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా నేను చూడలేను."

ఆమె కుంచె కిందికి దించింది.

"తలుపు వెనక ఏముంది?" అంది మెల్లగా.

"చూశానన్నారు."

"గోడ చూశాను. తలుపు వెనక ఎందుకు చూస్తాను? అక్కడ నేనేమీ వేయలేదే."

మా ఇద్దరి చూపులూ ఒక్కసారే తలుపు మీదికి వెళ్లాయి. గాలి తగలాలని నేనే బార్లా తెరిచిన తలుపు.

ఆమె పీట దిగింది. కుంచె నుంచి సున్నం చుక్కలు చుక్కలుగా నేల మీద రాలుతుండగా నడిచి వెళ్లి, అరచెయ్యి ఆనించి, తలుపు మూసింది.

చాలాసేపు అటే నిలబడింది. నాకు కనబడేది ఆమె మెడ, దాని మీద ఆరుతున్న ఒక సున్నపు బొట్టు. రెండే వాక్యాలవి. వాటిని చదవడానికి అంతసేపు ఎందుకు పడుతోందో అర్థం కాక, నిలబడ్డచోటే మూడుసార్లు చచ్చి బతికాను.

ఆమె జేబులోంచి చీటీ తీసింది. "తూర్పు గోడ వంక... చూడండి" అని, ఒక్కో మాటనూ తడుముతున్నట్టు చదివింది.

"ఇటివ్వమ్మా" అని అక్క లాక్కుంది. "గోడ వంక చూడండి. అంటే గోడ వైపు చూడమని." ఆగింది. మళ్లీ చదివింది. "గోడకున్న వంక చూడమని కూడా." నా వైపు తిరిగింది. "వైపు అని రాయలేకపోయావా? అటు అని రాయలేకపోయావా? వంకలు పెట్టడమే వృత్తిగా బతికేవాడివి, తెలుగులో నీకు ఈ మాటే దొరికిందా?"

"వంక అంటే వైపు అనే కదక్కా..."

"మీ నోట వంక అంటే వైపు అని ఎవరనుకుంటారండీ?" అంది గోడలమ్మాయి. ఏడుపుకూ నవ్వుకూ నడుమ ఎక్కడో చిక్కుకుంది ఆ గొంతు. ఉన్నట్టుండి కిటికీ వైపు చూసింది. "అయ్యో, సున్నం ఆరిపోతోంది. ఆరితే ఇక రాదు. నీళ్లు, గుడ్డలు, త్వరగా."

అక్క చేతిలోని ఫ్రిజ్ ముసుగే మొదట నీళ్లలో మునిగింది.

"రుద్దకండి, అద్దండి" అంటూ ఆమె పరుగులు పెట్టింది. "రంగులో జిగురు ఉంది, అద్దితే నిలుస్తుంది. రుద్దితే పిట్ట కూడా పోతుంది. నూలుగారూ, చెక్క తోమినట్టు తోమకండి, అది గోడ."

మూడు వారాలుగా రంగు ఆరనివ్వడం లేదని ఆమె తిట్టుకున్న వానే ఆరోజు మమ్మల్ని కాచింది. గదిలోని చెమ్మకు సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్కొక్క రెక్కా బయటపడసాగింది. ఒక ముక్కు. ఒక కన్ను. దాని ఎదుట మరో ముక్కు. కిటికీ పక్కనున్న మొదటి జంట మాత్రం రాలేదు. ఆమె ఎంత అద్దినా అక్కడ తెల్లదనమే మిగిలింది. గుడ్డ చేతిలో పట్టుకుని ఆ తెలుపునే చూస్తూ ఉండిపోయింది.

"నా వల్ల" అన్నాను.

"నా తొందర వల్ల కూడా" అంది.

అక్క రెండడుగులు వెనక్కి వేసి గోడను చూసింది. మిగిలిన పిట్టలన్నిటి మీదా పలచని తెల్లపొర, తెల్లవారుజామున మంచులోంచి వస్తున్నట్టు. "నాకు ఇదే బాగుంది" అంది. "ఆ పోయిన రెండింటినీ మాత్రం మీరే వేసివ్వాలి. ఒకరు వచ్చి ఒకటి, ఇంకొకరు వచ్చి ఒకటి అంటే ఒప్పుకోను. కలిసి రండి." తడిసిన ముసుగు పిండుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. మూయాల్సిన అవసరం లేని వంటింటి తలుపు కూడా మూసుకుంది.

ఇద్దరమే మిగిలాం. మూసిన గది తలుపు దగ్గరికి వెళ్లాను. ఆరని వార్నిష్ మీద నాలుగు తెల్లని వేళ్లు, ఒక అరచెయ్యి అచ్చు పడి ఉన్నాయి.

"మీ తలుపు పాడుచేశాను" అంది వెనక నుంచి. "ఉప్పుకాగితం పెట్టి గీకి తీసేస్తారా?"

"తీయను."

"మట్టంగా కూడా లేదు, ఒరిగింది."

"ఉండనివ్వండి."

ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. నేను గీసిన పిట్ట పొడుగు కాలును వేలితో తాకింది. "రేపు బస్సు ఎక్కాల్సిందే నేను. మాట ఇచ్చాను."

"తెలుసు."

"ఆ ఇంట్లో ఏడు గదులట. ఏడింటికీ తలుపులు చేసే మనిషి కావాలని పొద్దున్నే ఫోన్ చేశారు. ఎవరైనా తెలిస్తే చెప్పమన్నారు." ఒక క్షణం ఆగింది. "నూలు లెక్క తెలిసినవాడైతే మంచిదని నేనే అన్నాను. చీటీ చూడకముందు."

నా చెవులు వేడెక్కాయి. ఒంటిపిట్ట ఇక ఒంటిది కాదని మనసుకు తెలుస్తూనే ఉంది, నోటికి మాత్రం చేరడం లేదు. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, మంచు పట్టిన పిట్టల వరుసను మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"నూలుగారూ" అంది.

"ఆఁ?"

"గోడ వంక కాదు. నా వంక చూడు."

చూడండి అనలేదు. మూడు వారాల్లో మొదటిసారి ఆ 'అండి' ఎక్కడో జారిపోయింది. అది ఎక్కడ పడిందో వెతకకుండా, చూశాను.