ఎవరి తాళం వారిదే

తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిన ఉత్తరం మీద నాలుగింటికల్లా సంతకం పెట్టకపోతే కంపెనీవాళ్లు పోలీసు కేసు పెడతామన్నారని చెప్పి ఫెయిత్ బావురుమంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక ఇరుక్కున్న గదిలో డిటెక్టివ్ జెరెమియా టీ తాగుతూ విన్నాడు. ఆయన్ని మించిన బుర్ర ఊళ్లో లేదని నమ్మే అసిస్టెంటు దివ్యశ్రీ అన్నీ రాసుకుంది.

ఆసుపత్రుల్లో సెలైన్‌తో మందు ఎక్కించే యంత్రాలుంటాయి. వాటిని లోపల్నుంచి నడిపే కెర్నల్ ప్రోగ్రాం రాయడం పంజగుట్ట కంపెనీలో ఫెయిత్ పని. మొన్న ఒక యంత్రం రెండింతల మందు ఎక్కించేసింది. అదృష్టం బాగుండి మనిషి బతికాడు. తప్పంతా తనదేనని ఫెయిత్ ఒప్పుకుంటే, ఇక ఈ ఊళ్లో ఎవరూ ఉద్యోగమివ్వరు.

"మందు లెక్క దగ్గరికి ఒకసారి ఒక్కరే పోవాలె సార్. నర్సు బటన్ లోపలుంటే టైమర్ బయట ఆగాలె. అందుకే లాక్ పెట్టిన. కని ఇద్దరు ఒకేసారి పోయిన్రు."

జెరెమియా ప్రోగ్రాం కాగితాలు తిరగేసి ఒకచోట ఆగాడు. "ముప్పై ఏడు సార్లు ఊరికెనే తిరిగే ఈ వరుస ఏంది?"

"నేన్ రాయలే సార్. లాక్ సుత నేను పెట్టినట్టు లేదు. మా దగ్గర సీనియర్లు దిద్ది, జూనియర్ పేరు మీదనే ఎక్కిస్తరు. మా సీనియర్ విక్రమ్ సార్ ముట్టనే లేదంటుండు. నా లాప్‌టాప్ గుంజుకున్నరు, పాత కాపీ లేదు."

మధ్యాహ్నానికి ముగ్గురూ పంజగుట్ట చేరారు. అమీర్‌పేటలో ఆరేళ్లు పాఠాలు చెప్పి సీనియరైన విక్రమ్, కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు. "పదివేల సార్లు టెస్ట్ చేసినం. ఒక్కసారి ఫెయిల్ కాలే."

"టెస్ట్ మిషిన్‌ల ప్రాసెసర్లెన్ని?"

"నాలుగు. వేడైతదని ఒక్కటే నడిపిస్తం."

జెరెమియా అడిగిన ప్రశ్నకి, ఇంత తెలివి ఈయన ఒక్క తలలో ఎలా పట్టిందా అని దివ్యశ్రీ ఆశ్చర్యపోయింది.

మూడున్నరకు డైరెక్టర్ చక్రపాణి గదిలో అందరూ కూర్చున్నారు. జెరెమియా వినయంగా చేతులు కట్టుకున్నాడు. "విక్రమ్ సార్, మస్తు మందికి నేర్పిన్రంట. లాక్ ఎట్ల వెయ్యాలె, బోర్డు మీద జర నాకు సుత చెప్పున్రి."

ఆ పొగడ్తకే విక్రమ్ ఉబ్బిపోయాడు. ఎనిమిది వరుసలు గడగడా రాసేశాడు. నడుమ ముప్పై ఏడు సార్లు ఊరికే తిరిగే వరుస ఉంది.

"ఇదెందుకు సార్?"

"ఆగుడంటే ఏందో పిల్లలకు స్క్రీన్ మీద కనబడాలె గద!"

జెరెమియా ఫెయిత్ పేరు మీదున్న ప్రోగ్రాం కాగితం తీసి బోర్డు పక్కన అంటించాడు. ఎనిమిది వరుసలూ పొల్లుపోకుండా అవే. విక్రమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తాళం తలుపుకుండాలె, ఒక్కటే ఉండాలె. ఈయన పాఠంల వచ్చినోడల్లా కొత్త తాళం చేస్కుంటడు. ఎవని తాళం వాడు ఏస్కొని, అందరు లోపలికే! ఒక్క ప్రాసెసరుంటే, మొదటోడు బయటికొచ్చేదాక రెండోడు కదలనే కదలడు. అందుకే టెస్ట్ పాసైంది. ఆసుపత్రిల నాలుగు నడుస్తయ్. నర్సు, టైమర్ కలిసే దూరిన్రు."

"మరి ఫెయిత్ గారు పెట్టిన లాక్‌ని ఎందుకు మార్చాడండీ?" అన్నాడు చక్రపాణి.

"ఏదో ఒకటి దిద్దకపోతే సీనియరెట్లయితడు సార్?"

చక్రపాణి ఉత్తరం చింపేసి, నవ్వు పులుముకున్నాడు. "ఫెయిత్ గారూ, ఏంటో, పొరపాటైంది. క్షమాపణ లెటర్ ఇప్పుడే టైప్ చేయిస్తాను."

"లెటర్ తర్వాత సార్," అంది ఫెయిత్. "ఆ మిషిన్లు పదకొండు ఆసుపత్రుల్ల ఇంకా నడుస్తున్నయ్. ముందు ఫోన్ చేసి ఆపమనున్రి."

పొద్దుట్నుంచీ తప్పెవరిదని కొట్టుకున్న ఇంతమందిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. దివ్యశ్రీ జెరెమియా వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.