గవ్వల తాత దావా

నీలవేణి నోట్లో పెట్టుకున్న ఇడ్లీ ముక్కను ఇంకా మింగలేదు. మింగేదాకా కథను ముందుకు జరపకూడదని భూలక్ష్మి నియమం. నోట్లో ముద్ద ఉండగా పిల్ల నవ్విందంటే పొలమారుతుంది. పొలమారితే గొంతుకు అడ్డం పడుతుంది. అడ్డం పడితే ముప్పై ఎనిమిదో అంతస్తుకు డాక్టరు ఎక్కి వచ్చేసరికి ఏమవుతుందో ఆవిడ రోజూ ఊహించుకునేది. ఆరేళ్ళలో ఒక్కసారైనా అలా జరగలేదు. జరగనంత మాత్రాన భయపడడం మానేసే మనిషి కాదు భూలక్ష్మి.

గోడ మీద పిచ్చుకగూడంత ఆలకిణి పచ్చగా వెలుగుతోంది. పచ్చగా వెలిగితే కథ వింటోందని అర్థం. బెజవాడలో ఆలకిణి లేని గోడ లేదు. బస్సులో ఉంది, పార్కులో ఉంది, ఆస్పత్రి వరండాలో ఉంది. చివరికి శ్మశానం అరుగు మీద కూడా ఒకటి పెట్టారు. ఏడుస్తూ చెప్పుకునే మాటల్లో మంచి కథలు దొరుకుతాయట.

సినిమా తీయడానికి ఇప్పుడు మనుషులు అక్కర్లేదు. పొద్దున కథ యంత్రంలో వేస్తే మధ్యాహ్నానికి బొమ్మ బయటికి వస్తుంది. పాటలూ ఫైట్లూ కన్నీళ్ళూ అన్నీ యంత్రానికి వచ్చు, కొత్త కథ అల్లడమే రాదు. అందుకని చిత్రశాలలవాళ్ళు జనం నోళ్ళను చేపల చెరువుల్లాగా వేలంలో పాడుకున్నారు. మేడల్లో పెద్దవాళ్ళు చెప్పే కథలు హంసధ్వజ చిత్రశాలవి. బడి ఈడు పిల్లలు అల్లే కథలు, ఎక్కడ అల్లినా సరే, మణికుండల స్టూడియోవి. వాళ్ళు మేడలకు నీళ్ళూ లిఫ్టులూ ఇస్తారు, వీళ్ళు బడులకు పంతుళ్ళను ఇస్తారు. ఆ పంతుళ్ళు చదువంతా చెవిలోనే పోస్తారు. చెవితో వచ్చే చదువుకు చేతితో పనేముందని అక్షరాలు దిద్దించడం మానేసి పదేళ్ళయింది. పదో తరగతితో ఆగిపోయిన భూలక్ష్మికైనా నాలుగు ముక్కలు రాయడం వచ్చు, కూతురికి అదీ లేదు.

పిల్ల మింగింది. భూలక్ష్మి కథ అందుకుంది. లిఫ్టు కింద గుంటలో గవ్వల తాత ఉంటాడు. ఒంటరిగా లిఫ్టెక్కిన పిల్లల గొంతు లాక్కుని గవ్వలో పెట్టుకుంటాడు. తన కళ్ళుగప్పి పిల్ల లిఫ్టెక్కి మేడమీదికి పోతుందేమోనన్న భయంతో ఆవిడ అల్లుకున్న తాత అతను.

ఊఁ కొట్టవలసిన చోట నీలవేణి ఊఁ కొట్టలేదు.

"అలా కాదమ్మా," అంది. "ఆయన లాక్కోడు. పిల్లలే ఇస్తారు. ఆయనతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరుగా, పాపం."

భయం చెప్పడానికి అల్లిన కథలోకి పిల్ల జాలిని దూర్చింది. ఇది రేపోమాపో ఆ తాతను పలకరించడానికి లిఫ్టెక్కడం ఖాయం. ఏ కథ చెప్పినా ఇదే వరస. నాలుగు ఊఁలు కొట్టి అయిదోదాని దగ్గర అలా కాదమ్మా అంటుంది. ఇక అక్కణ్ణుంచి కథ దానిది.

ఆ పూటే నీలవేణి బడిలో స్నేహితురాళ్ళకు ఆ కథ చెప్పింది. వారం తిరక్కుండా ఊళ్ళోకి ఒకటి కాదు, రెండు గవ్వల తాత సినిమాలు దిగాయి. హంసధ్వజవాళ్ళ తాతకు పాతికేళ్ళ కుర్రాడి ఛాతీ, సముద్రం అడుగున ఎనిమిది మంది అమ్మాయిలతో పాట. మణికుండలవాళ్ళ లిఫ్టు చంద్రుడి దాకా పోయింది, తాత అక్కడ బాంబులు విసిరాడు. రెండు బొమ్మల్లోనూ మనుషులు పుట్టించింది ఒకటే మాట, పిల్లలే ఇస్తారు అన్నది. ఆ ఒక్కచోటే జనం కళ్ళు తుడుచుకున్నారు. అందుకని ఇద్దరూ ఆ మాట మాదంటే మాదని కోర్టుకెక్కారు. మిగతా చెత్త ఎవరి చెత్త వారిదేనని మాత్రం బుద్ధిగా ఒప్పుకున్నారు. దాన్ని ఎవరు ఎత్తుకుపోతారు గనక.

తాఖీదు ఆలకిణిలోంచే వచ్చింది. దిబ్బలో కోడి గీరినట్టు గరగరమని తల్లీకూతుళ్ళ పేర్లు చదివి ఆగింది. భూలక్ష్మి భర్త సూరిబాబు బందరు కాలువ మీద పడవలు బాగుచేస్తాడు. వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు, మనకేం పోయిందని అతను దులిపేసుకున్నాడు.

"ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడ కాళ్ళు విరుగుతాయి," అంది భూలక్ష్మి. "దూడ మనింట్లో ఉందయ్యా."

మర్నాడు హంసధ్వజవాళ్ళ వకీలు అపరంజి పళ్ళబుట్టతో వచ్చింది. చేతికి దొరికిన ప్రతిదాన్నీ బరువు చూసే మనిషి ఆవిడ. కూర్చున్న కుర్చీని కూడా ఒకసారి లేపి చూసి మరీ కూర్చుంది. సంగతి విడమరిచి చెప్పింది. ఆ మాట తల్లిదని తేలితే హంసధ్వజది. పిల్లదని తేలితే మణికుండలది, పిల్లను మూలకర్త అంటారు. మూలకర్తను పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఊటశాలలో ఉంచుతారు. బయటి కథలు చెవిన పడితే పిల్లలోని కథల ఊట కలుషితమవుతుందట. అందుకని తల్లి కూడా నెలకొక్కసారి, అద్దం అవతలి నుంచే చూడాలి.

పక్క వార్డులో ఒకళ్ళ పిల్లను అలాగే తీసుకుపోయారని భూలక్ష్మి విన్నది. ఆ పిల్ల ఇప్పుడు పచ్చదీపం వెలిగితేనే నోరు తెరుస్తుందట. ప్రపంచంలో ఉన్న ఆపదలన్నీ ముందే తలుచుకుని పెట్టుకునే భూలక్ష్మికి ఈ ఒక్కటీ ఎన్నడూ తట్టలేదు.

అపరంజి మాట కలపడానికన్నట్టు, మీ అమ్మాయి భలే తెలివైనదటగా అంది.

"తెలివా దాని మొహం. వట్టి మొద్దండీ," అంది భూలక్ష్మి, ఆలోచించకుండానే.

పరాయి మనిషి పిల్లను మెచ్చుకుంటే అలా అనకుండా ఉండడం ఆవిడకు చేతకాదు. దిష్టి తగులుతుంది. నీలవేణికీ ఆ సంగతి తెలుసు. తెర వెనక నుంచి తల్లి వంక చూసి కన్ను గీటింది. మనిషి వెళ్ళగానే అమ్మ ఉప్పు దిగదుడుస్తుంది, చెవిలో నా బంగారు బుర్ర అంటుంది, ముద్దు పెడుతుంది. మొద్దు అన్న ప్రతిసారీ దాని వెనకాల ఆ ముద్దు ఉంటుంది.

అపరంజి కళ్ళు మెరిశాయి. "అదే మాట కోర్టులో అనండమ్మా. ఆ మాటలన్నీ మీరు నేర్పినవేనని, పిల్లకు సొంతంగా అల్లడం రాదని ప్రమాణం చెయ్యండి. పిల్ల అవునంటే చాలు. కోర్టులో యంత్రం ఏం చెప్పినా చెల్లదు."

భూలక్ష్మి ఊపిరి పీల్చుకుంది. రోజూ అనేదేగా. నలుగురిలో ఇంకోసారి అంటే అరిగేదేముంది.

కథాధికరణంలో గడియారం ఉండవలసిన చోట గుమ్మడికాయంత ఆలకిణి ఉంది. దాని కింద న్యాయాధిపతి లవంగం నములుతూ కూర్చున్నాడు. రోజుకు ముప్పై కథల గొడవ వింటాడు గాని కథ వింటున్న మొహం కాదది, పెళ్ళిలో ఎంగిలాకులు లెక్కపెట్టేవాడి మొహం. మణికుండలవాళ్ళ వకీలు చయనులు లేచాడు. అతని గొంతులో నెయ్యి కారుతుంటుంది, ఆ నేతిలో పడి చచ్చిన చీమలు ఎన్నో అతనికే తెలియదు.

అతను ఆరునెలల ఇడ్లీ ముద్దల కథలన్నీ వినిపించాడు. గదినిండా నీలవేణి గొంతే. అలా కాదమ్మా. అలా కాదమ్మా. నక్కకు ద్రాక్షపళ్ళు పులుపని చెప్పింది ద్రాక్షతీగేనంది ఒకచోట. దెయ్యానికి చీకటంటే భయం, అందుకే దీపాలున్న ఇళ్ళకు వస్తుందంది ఇంకోచోట. కథలో ఎవరి పాలెంతో తేల్చే మూలమాపకం పదింట ఏడు పాళ్ళు పిల్లవేనంది. ఇంత ఊట ఈ జిల్లాలో ఇంతవరకూ దొరకలేదన్నాడు చయనులు.

పరాయివాడు, అందులోనూ దుర్మార్గుడు, తన కూతుర్ని అంతగా పొగుడుతుంటే భూలక్ష్మి చీరకొంగు చాటున మెటికలు విరుచుకుంది. గర్వం గొంతుదాకా వచ్చింది. దాన్ని ఇడ్లీ ముద్దలా మింగి బోనెక్కింది.

పిల్లకు కథ అల్లడం వచ్చా అని అడిగాడు న్యాయాధిపతి.

"రాదండి."

మరి ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయన్నాడు.

"ముందురోజు నేను నేర్పినవేనండి. చిలక్కి నేర్పినట్టు నేర్పాను. దానికి ఊఁ కొట్టడం తప్ప ఏమీ రాదు." ఊటశాల అద్దం వెనక కూర్చున్న పిల్ల ఆవిడ కళ్ళముందు కదిలింది. ఆ భయంతో చెప్పమన్నదానికంటే ఎక్కువే చెప్పింది. "బుర్ర ఖాళీ అండి. నా ఖర్మ కొద్దీ పుట్టింది. మొద్దు. దానికి ఏమీ రాదు, ఇక రాదు కూడా."

చెప్పి కూతురి వంక తిరిగింది, కన్ను గీటుతుందని. ఎత్తు కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని నీలవేణి ఆవిణ్ణే చూస్తోంది. గీటలేదు. అమ్మ మొద్దు అన్నప్పుడు అమ్మ కళ్ళు ఎప్పుడూ నవ్వుతుండేవి. ఇవాళ నిజం చెప్పేవాళ్ళ కళ్ళలాగా నీళ్ళతో ఉన్నాయి.

"మీ అమ్మ చెప్పింది నిజమేనా పాపా?" అన్నాడు న్యాయాధిపతి.

నీలవేణి తల్లి వంక ఇంకోసారి చూసింది. భూలక్ష్మి తల ఆడించింది, అవునను తల్లీ అన్నట్టు.

"ఊఁ," అంది నీలవేణి.

మూలమాపకం ఆ ఊఁను కొలిచి, వణుకు లేదు, నమ్మదగినదేనంది. హంసధ్వజ గెలిచింది. తీర్పు చివర న్యాయాధిపతి లవంగం పక్కకు తోసి ఒక ముక్క చేర్చాడు. ఈ తల్లి ఎప్పుడైనా, ఎక్కడైనా, ఆలకిణికి వినబడేలా ఇవాళ్టి సాక్ష్యానికి ఎదురు మాట ఆడితే దావా మళ్ళీ తెరుచుకుంటుంది, పిల్ల నేరుగా ఊటశాలకు వెళుతుంది. వకీళ్ళిద్దరూ నవ్వుకుంటూ కాఫీకి పోయారు. మధ్యాహ్నం ఇంకో దావా ఉంది వాళ్ళకి, ఎవరో ముసలాయన చనిపోయే ముందు కలవరించిన కల ఎవరిదని.

ఇంటికి రాగానే భూలక్ష్మి గుప్పెడు ఉప్పు తీసి పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. చెవి దగ్గరికి వంగింది. నా బంగారు అన్నంతలో గోడ మీద పచ్చదీపం వెలిగింది. నోరు మూసుకుంది.

"మొద్దుకి దిష్టి తగలదుగా అమ్మా," అంది నీలవేణి. వేళాకోళంగా అనలేదు. తనకు తెలియనిది అడిగినట్టే అడిగింది.

భూలక్ష్మి ముద్దు పెట్టింది. వెనక మాట లేని ముద్దు కావడంతో పిల్ల దాన్ని చెంప మీదే ఉంచుకుని నిలబడింది.

ఆ తరువాత నీలవేణి బాగా ఊఁ కొట్టడం మొదలుపెట్టింది. అడ్డు చెప్పదు, ప్రశ్న వెయ్యదు. ముద్ద మింగుతుంది, ఊఁ కొడుతుంది. సూరిబాబు సంతోషించాడు, పిల్ల దారికొచ్చిందన్నాడు. బడి పంతులు కూడా మెచ్చుకున్నాడు, ఎంత చెప్తే అంతే అంటోందట.

భూలక్ష్మి కావాలని తప్పు కథలు చెప్పింది. పులి గడ్డి తిన్నదంది. నీలవేణి ఊఁ అంది. కాకి నీళ్ళలో కాపురం పెట్టిందంది. ఊఁ. రాజుగారు తన గుర్రానికి పుట్టాడంది. ఊఁ. అలా కాదమ్మా అన్న ఒక్క మాట కోసం ఆవిడ లోకంలో లేని పిచ్చివాగుడంతా వాగింది. హంసధ్వజవాళ్ళు అదంతా ఏరుకుని మూడు సినిమాలు తీశారు. జనం చూశారు కూడా. ఈ తల్లి నోట ఏదో అపురూపమైన లోతు ఉందని అపరంజి కబురు పంపింది. భూలక్ష్మి ఆ కబురు విన్న వెంటనే ఇల్లు ఊడ్చి చెత్త బయట పారబోసింది.

ఆలకిణి వినని చోటు వెతికింది. దొరకలేదు. నేల మీద ముగ్గుపిండితో నువ్వు మొద్దువి కాదు అని రాసి పిల్లను పిలిచి చూపించింది. ముగ్గు బాగుందమ్మా అంది నీలవేణి. భూలక్ష్మి పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాదు, కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. నీలవేణి బెదిరిపోయి, నేనేం తప్పు చేశానమ్మా అని అడిగింది.

చివరికి ఒక ఉదయం భూలక్ష్మికి దారి తోచింది. కథలో పాత్ర ఏమన్నా సాక్ష్యం కిందికి రాదు. ఎవరెవరి కథో చెప్పి పొట్ట పోసుకునేవాళ్ళు పెట్టిన చట్టంలో ఆ ఒక్క కంత ఉంది. ఇడ్లీ తుంచి పిల్ల నోట్లో పెట్టింది. మింగేదాకా ఆగింది.

"అనగనగా ఒక అమ్మ," అంది.

"ఊఁ."

"ఆ అమ్మకి భయమెక్కువ. ఆ భయంతో వాళ్ళ అమ్మాయి గురించి నలుగురిలో ఒక పెద్ద అబద్ధం ఆడింది."

"ఊఁ."

"ఆ అమ్మాయి నిజంగా ఎలాంటిదో తెలుసా? వాళ్ళమ్మకంటే కథలు బాగా చెప్తుంది."

"ఊఁ."

ఆలకిణి పచ్చగా వెలుగుతూనే ఉంది, వెలిగితే వెలగనీ అనుకుంది భూలక్ష్మి.

"అప్పుడు ఆ అమ్మాయి వాళ్ళమ్మతో ఏమంది? నువ్వు చెప్పు తల్లీ. ఏదో ఒకటి."

నీలవేణి నోరు తుడుచుకుంది. ఇంకో ముద్దకి నోరు తెరవబోయి, అమ్మ ఇంకా తన వంకే చూస్తోందని గమనించి ఆగింది. ఆలోచించినట్టు కనబడలేదు.

"నువ్వు నేర్పు అమ్మా," అంది. "నేర్పితే చెప్తాను."