లినెన్ గదిలో అత్తయ్య

పొద్దున్న ఎనిమిదింటికి కళ్లు తెరవగానే కొత్త కోడలు చేసిన మొదటి పని, బాత్రూమ్‌లోకి పరిగెత్తి సబ్బులు చూసుకోవడం. నిన్న వాడిన సబ్బు పక్కన, చిన్న కాగితం చుట్టుకుని మరో బుల్లి సబ్బు కూర్చుని ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. దాన్ని వాసన చూసి, చెంపకి ఆనించుకుని, మెల్లగా తన బ్యాగులో వేసుకుంది.

"దొంగ!" అన్నాడు భర్త, తలుపు దగ్గర నిలబడి.

"దొంగేంటి? ఇది మనకిచ్చిందే. కొక్కేనికున్న ఆ స్నానపు కోటు కూడా మనదేనేమో అడుగుదామా?"

"అడుగు. ఇంటికెళ్లాక అది వేసుకుని గిన్నెలు కడుగుదువుగానీ."

పెళ్లై మూడు నెలలు. వాళ్లిద్దరూ ఇలాంటి చోట అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. పాత మేడని బాగుచేసి హోటల్‌గా మార్చారు. పన్నెండే గదులు. ప్రతి గదికీ ఓ రంగు. వాళ్లది ఆకుపచ్చ. దిండ్లు నాలుగు రకాలు. కింద, గాజు గోడల మధ్య రెస్టారెంటు.

ఇదంతా అత్తయ్య చలవ. ఆవిడ ఈ హోటల్ లినెన్ గదిలో పనిచేస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, టేబుల్ గుడ్డలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే గదుల్లోకి వెళ్తాయి. పదిహేనేళ్లు పూర్తిచేసినవాళ్లకి యాజమాన్యం రెండు రోజుల బస కానుకగా ఇస్తుంది. ఆ చీటీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"మీరే వెళ్లండి అత్తయ్యా, మీకిచ్చింది కదా," అంటే నవ్వేసింది.

"నాకెందుకే! ఆ దుప్పట్లు ఎంత మెత్తగా ఉంటాయో నాకు కొత్తగా తెలియాలా? ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. అక్కడ నన్ను పలకరించొద్దు. పనివాళ్లు అతిథులతో చుట్టరికాలు కలపకూడదని నియమం ఉంది."

భర్త టబ్బులో మునిగి లేచేలా లేడు. "నువ్వెళ్లి కిటికీ పక్క టేబుల్ పట్టెయ్యి, పది నిమిషాల్లో వస్తా," అన్నాడు. ఆమె తనకున్న వాటిల్లో మంచి బట్టలు వేసుకుని, మెట్ల మీద అద్దం కనబడినప్పుడల్లా ఆగుతూ కిందికి దిగింది.

రెస్టారెంటులో వెన్నని పువ్వులా చెక్కి పెట్టారు. దాన్ని కత్తితో పాడుచెయ్యడానికి చెయ్యి రాక చూస్తూ కూర్చుంది. పక్క టేబుల్ నుంచి ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ నవ్వింది.

"కొత్తగా పెళ్లైందా?"

"ఎలా కనిపెట్టారండీ?"

"వెన్న చూసి కూడా మురిసిపోతున్నావుగా! మేం ఏటా వస్తాం. మీరూ వస్తుంటారా?"

"ఈమధ్యే మొదలుపెట్టామండీ," అంది. అది అబద్ధమేమీ కాదు కదా అనుకుంది. ఆ 'మీరూ' అన్న మాట మాత్రం చెవికి తియ్యగా తగిలింది. వీళ్లలో తనూ ఒకతె అన్నమాట. ఆ హుషారులో చేతులు తిప్పుతూ గది గురించి చెప్పబోయింది. మోచెయ్యి తగిలి కాఫీ కప్పు బోర్లాపడింది. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు మడుగు కట్టింది.

వెయిటరు పరుగున లోపలికి వెళ్లాడు. తిరిగి వస్తుంటే వెనకాల అత్తయ్య ఉంది.

ఈ హోటల్లో మరకపడ్డ గుడ్డ ఆరకముందే నీళ్లలో పడాలి. ఆ పద్ధతి పెట్టింది అత్తయ్యే. ఉదయం వెయిటర్లకి ఊపిరి సలపదు కాబట్టి ఆవిడే స్వయంగా పైకి వస్తుంది. బూడిదరంగు యూనిఫామ్, ముడివేసిన జుట్టు, చేతిమీద మడతపెట్టిన కొత్త గుడ్డ. కోడలి వంక చూడకుండా పళ్లేలు ఒక్కొక్కటే తీసి వెయిటరుకి అందించసాగింది.

ముత్యాలావిడకి మధ్యలో మనిషి వచ్చినట్టే లేదు. "అత్తగారు ఉన్నారా? ఏం చేస్తారు?" అని అడిగింది.

కోడలు 'ఉద్యోగం చేస్తారు' అన్నా సరిపోయేది. 'ఇంట్లోనే ఉంటారు' అన్నా సరిపోయేది.

"బట్టల వ్యాపారమండీ."

"అబ్బో! షాపెక్కడ?"

"అంటే... షాపని కాదు, పెద్దపెద్ద సంస్థలకి సరఫరా చేస్తుంటారు."

అత్తయ్య చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత కొత్త గుడ్డ పరిచి, అంచులు సమంగా లాగి, అరచేత్తో ముడతలు చదును చేసింది.

"ఇంకేమైనా కావాలా మేడమ్?" అంది.

"వద్దండీ," అంది కోడలు.

ఆ తర్వాత వచ్చిన కోడిగుడ్ల పళ్లెం అలాగే చల్లారిపోయింది. ముత్యాలావిడ చెప్తున్నదేదీ వినబడలేదు. లేచి గదిలోకి వెళ్లేసరికి భర్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"అదేంటి, టేబుల్ వదిలేసి వచ్చావ్?"

జరిగింది చెప్పింది. 'బట్టల వ్యాపారం' దగ్గర అతను పకపకా నవ్వాడు. "అమ్మ వింటే చస్తుంది నవ్వలేక!"

"విన్నారు. అక్కడే ఉన్నారు. నేను ఒలకబోసిన కాఫీ తుడుస్తున్నారు."

అతని నవ్వు ఆగిపోయింది. మంచం అంచున కూర్చున్నాడు.

"మా అమ్మ పనంటే నీకు నామోషీయా?"

"కాదు!"

"మరి?"

"మీ అమ్మగారే పలకరించొద్దన్నారు కదా..."

"పలకరించొద్దంది. అబద్ధం చెప్పమందా?" అతను అరవలేదు. అరిచినా బాగుండేది. "నన్ను కాలేజీలో చేర్పించింది ఆ యూనిఫామే. నేను ఎక్కడా దాన్ని దాచలేదు. ఆఖరికి నిన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా ముందు అదే చెప్పాను. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. 'అయితే మీ ఇంట్లో దుప్పట్లు బ్రహ్మాండంగా ఉంటాయన్నమాట' అంది. అందరూ నవ్వారు. అత్తయ్య అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆమె బయటికి వచ్చి, పనివాళ్ల మెట్లు ఎక్కడున్నాయో అడిగి కిందికి దిగింది. తివాచీలు అక్కడితో ఆగిపోయాయి. సిమెంటు గోడలు, ఆవిరి, సబ్బునీళ్ల వాసన. వరుసగా తిరుగుతున్న యంత్రాల చివర, కుళాయి కింద ఆ టేబుల్ గుడ్డని పట్టుకుని అత్తయ్య నిలబడి ఉంది. మరక ఉన్నచోట వెనకవైపు నుంచి చన్నీళ్లు పోనిస్తోంది.

"నువ్వు ఇక్కడికి రాకూడదు," అంది వెనక్కి తిరక్కుండానే. అడుగుల చప్పుడు పోల్చుకున్నట్టుంది.

"అత్తయ్యా, నన్ను తిట్టండి."

"ఎందుకూ? నేను చెప్పినట్టే పలకరించలేదుగా."

"ఆవిడ ఇంకా పైనే ఉంది. ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను. అందరి ముందూ చెప్తాను."

అత్తయ్య కుళాయి కట్టేసింది. "చెప్పి? అందరూ నన్ను చూడ్డానికి మెడలు తిప్పుతారు. నీ బరువు దిగుతుంది. నాకేం ఒరుగుతుంది?"

కోడలు తల దించుకుంది. తను అడుగుతున్నది క్షమాపణా, తేలిక పడ్డమా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

"మరి నేనేం చెయ్యను?"

"ఆ కొస పట్టుకో."

గుడ్డని ఇద్దరూ చెరోవైపు పట్టి పిండారు. విదిల్చి లాగారు.

"ఓ మాట చెప్పనా?" అంది అత్తయ్య. "అలాంటి నియమమేదీ ఈ హోటల్లో లేదు. నేనే పుట్టించాను."

"ఎందుకు?"

"నువ్వు బాగా ముస్తాబై కూర్చుంటావు. ఈ వేషంలో నేనొస్తే నీకు ఇబ్బందేమోనని. ముందే ఓ దారి చేసిపెడదామనుకున్నాను." తడి గుడ్డ అంచు సరిచేసింది. "కానీ ఎక్కడో ఓ ఆశ. నియమం గియమం జాన్తానై అని, 'అత్తయ్యా' అని పిలిచేస్తావేమోనని. ఈ వయసులో నాకీ చాదస్తం ఏంటో!"

ఆవిడ ముందే ఊహించింది. ఊహించి కూడా ఆశపడింది. తను ఆ ఊహనే నిజం చేసి, ఆశని తన్నేసింది.

అంతలో తెల్ల కోటు వేసుకున్న చెఫ్ లోపలికి వచ్చాడు. "అక్కా, న్యాప్‌కిన్లు అయిపోయాయి..." అంటూ కోడల్ని చూసి ఆగాడు. "ఎవరండీ మీరు? అతిథులు ఇటు రారే?"

ఆమె నోరు తెరిచింది. 'మా అత్తయ్య' అని ఒప్పుకోలేనిదానికి 'కోడల్ని' అనే హక్కు ఉందా?

"మా కోడలు," అంది అత్తయ్య, గుడ్డ మీంచి కళ్లెత్తకుండా.

"ఈవిడేనా!" చెఫ్ మొహం విప్పారింది. "అమ్మా తల్లీ, మూడు నెలల్నించి అక్క మా చెవులు తినేస్తోంది. మా కోడలు అలా నవ్వుతుంది, మా కోడలికి చిన్న రిబ్బను ముక్క ఇచ్చినా పండగే అని! వెన్న పువ్వు చెక్కమన్నది కూడా అక్కే. పొద్దున్న ఆరింటికే వచ్చి నా వెంటపడింది. పైగా పలకరించొద్దని మా అందరి నోళ్లూ కుట్టేసింది."

అతను న్యాప్‌కిన్లు తీసుకుని వెళ్లిపోయాడు. కోడలు తడి గుడ్డ కొస పట్టుకునే ఏడ్చేసింది. చిన్నపిల్లలా, ముక్కు ఎగబీలుస్తూ.

"చాల్లే. ముక్కు మాత్రం గుడ్డకి తుడవకు," అంది అత్తయ్య. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

"వాళ్లందరికీ నేను మంచిదాన్నని చెప్పారు."

"చెప్పాను."

"ఇవాళ వెయిటరు అంతా విన్నాడు. రేపు వాళ్లడిగితే ఏం చెప్తారు?"

అత్తయ్య దగ్గరికొచ్చి, కోడలి చేతిలోని కొసని తన కొసతో కలిపి పట్టుకుంది. ఒక్క నిమిషం ఆమె మొహంలోకి చూసింది.

"అదే చెప్తాను. నేను మాట మార్చే మనిషిని కాను. దాన్ని నిజం చెయ్యడం నీ పని."

కోడలు తలూపింది. కళ్లు తుడుచుకుని, గంపలోంచి ఇంకో గుడ్డ తీసి, రెండో కొస అత్తయ్యకి అందించింది.