ఏటవాలు వెలుతురు

పొద్దున్నే స్నానం ముగించి, తుండు భుజాన వేసుకుని, గంగులప్ప గోడకున్న మేకు మీద చెయ్యి పెట్టాడు. మేకు ఉత్తదే తగిలింది. కొట్టు తాళంచెవి లేదు.

"ఏమే, తాళంచెవి యాడ?"

నారాయణమ్మ పెనం మీద దోసె తిరగేస్తూ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "వాణి ఎత్తకపోయింది. పోయి గంటయింది."

"ఈ పొద్దుతో మూడో దినం."

"పోతే పోనీ. కోడలు ముందు పోయి కసువు చిమ్మి పెడితే మీకేం కష్టమొచ్చింది? కూసోండి, దోసె ఆరిపోతాంది."

కష్టమంటే కష్టమే. పుంగనూరు బస్టాండు దాటాక ఉండే ఆ రాళ్ళ కొట్టు తలుపు నలభై ఏళ్ళుగా ఆయన చేతితోనే తెరుచుకునేది. దానికి బోర్డు కూడా లేదు. గృహప్రవేశానికి పేరు పలక కావాలన్నా, పోయినవాళ్ళకు సమాధి రాయి కావాలన్నా "గంగులప్ప దగ్గర చెక్కించు" అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. అట్లాంటి మనిషి తన కొట్టుకు తాను రెండోవాడిగా పోవడమేమిటి?

"మదనపల్లెలో కండ్ల డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే రారు. మొన్న గడప తట్టుకుంటిరి," అంది నారాయణమ్మ, పళ్ళెం ముందు పెడుతూ.

"నా కండ్లకేమైంది? గడపే ఎత్తుగా ఉండాది."

ఆ గడప కట్టించింది ఆయనే. నారాయణమ్మకు నవ్వొచ్చింది గానీ దోసె వైపు తిరిగి నవ్వుకుంది.

గంగులప్ప మనసు దోసె మీద లేదు. రెండేళ్ళ కిందట, రెండువేల ఏడులో, కొడుకు మహేష్ బెంగుళూరు నుంచి లేజర్ మిషను తెచ్చి కొట్టులో పెట్టాడు. చూడ్డానికి పెద్ద ఇనప్పెట్టె. నల్లరాయిని లోపల పెట్టి మూత వేస్తే, వాణి కంప్యూటర్లో రాసిన అక్షరాలు, మనిషి బొమ్మతో సహా, గంటలో రాయి మీదికి ఎక్కేవి. గంగులప్ప ఉలితో నాలుగు రోజులు చెక్కే పని అది. నెల రోజులు ఆయన ఆ మిషను మొహం చూడలేదు. తర్వాత వాణే అడిగింది. "మామా, రాయి సరిగ్గా కూసోబెట్టడం నాకు రాలేదు, మీరు రండి" అని. అప్పట్నుంచి పెట్టెలో రాయి పెట్టడం ఆయన వంతు. చేతిలో మిగిలిన పని అదొక్కటే.

ఇప్పుడు ఆ ఒక్కటీ ఊడబెరికేటట్టున్నారు. మొన్న వాణి పెరట్లో ఫోనులో మాట్లాడింది. "సాయీ, మా మామకు మాత్రం తెలియనీయొద్దు" అంది. ఈయన్ని చూసి టక్కున ఫోను పెట్టేసింది. సాయికుమార్ అంటే కుప్పంలో రాళ్ళ ఫ్యాక్టరీలోని మిషన్లు చూసే కుర్ర మెకానిక్. నిన్న గంగులప్ప స్టూలు మిషను పక్క నుంచి గోడ వారకు పోయింది. ఈయన లోపలికి రాగానే వాణి పెట్టె మూత దబ్బున వేసింది. ఇంకేం కావాలి? కుప్పం నుంచి మనిషిని దించుతున్నారు, ముసలోణ్ణి ఇంట్లో కూర్చోబెడతారు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. గంగులప్ప అనుమానానికీ అట్లాంటి జబ్బే ఒకటి అడుగున ఉంది. అది ఆయన నారాయణమ్మకు కూడా చెప్పలేదు.

వాల్మీకిపురం మల్లప్ప వాళ్ళమ్మ పూలమ్మ సమాధి రాయి పోయిన వారం పాడైంది. ఆమె నలుగురు బిడ్డల పేర్లుండే చివరి వరస రాయి అంచు దాటి సగం సగం తెగిపోయింది. పెట్టె అడుగునున్న గీతకు కలిపి పెట్టడానికి రాయి మీద సూదితో సన్నగా గీత గీస్తారు. ఆ రోజు పెట్టెలో గంగులప్పకు గీత కనబడలేదు. నల్లరాయి, లోపలంతా చీకటి, పైగా ఆర్నెల్లుగా కళ్ళ ముందు కదలని పొగమంచు. ఎప్పటిలాగే బొటనవేలితో తడిమి అంచనాగా పెట్టేశాడు, ఈసారి అంచనా తప్పింది. మల్లప్ప వచ్చి తల్లి రాయి చూసి, కేకలేసి, ఏడ్చినంత పని చేస్తే, గంగులప్ప నోటికొచ్చిన మాట, "కంప్యూటర్లో తప్పు పడిండాది." వాణి రాయి వైపు చూసింది, మామ వైపు చూసింది. "నాదే తప్పన్నా, ఇంకోటి చేసిస్తాను" అని మల్లప్పకు చేతులు జోడించింది.

ఆ ఇంకో రాయి చెక్కేది ఈ రోజే. మల్లప్ప పది గంటల బస్సుకు వస్తానన్నాడు.

సగం దోసె వదిలేసి గంగులప్ప లేచాడు. నారాయణమ్మకు ఆ వాలకం నచ్చక, కొంగు బిగించి వెనకాలే నడిచింది.

కొట్టు షట్టరు నడుముదాకా దించి ఉంది. వంగి లోపలికి దూరితే, సాయికుమార్ పెట్టెలో తలపెట్టి ఉన్నాడు. వాణి మోకాళ్ళ మీద కూర్చుని వైరు పట్టుకుంది. మామను చూసి మూత వేయబోయింది.

"వెయ్యొద్దు! తియ్యి చెయ్యి!" గంగులప్ప గొంతుకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. "ఏంది ఈ దొంగ పని? నా కొట్టులో నాకు తెలియకుండా మనిషిని పెడతారా?"

"మామా, ఏం మనిషి? నేను..."

"రాళ్ళు పెట్టడానికి వీణ్ణి పిలిపించినావు గదా? మహేష్ రాళ్ళ లోడుకని కుప్పం పోయిండేది గూడా ఇందుకేనా? నలభై ఏండ్లు చెక్కిన చెయ్యి మీకు పనికి రాలేదా? నా మొహాన్నే చెప్పుంటే నేనే పోతాంటిని గదమ్మా!"

వాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాట్లాడింది సాయికుమారే. మూడు రోజులుగా పళ్ళు కొరుక్కుంటున్న మనిషి.

"పెద్దాయనా, మీ ఇంటి గొడవ నాకొద్దు. నేనొచ్చింది లైటు పెట్టేదానికి. ఎల్‌ఈడీ పట్టీ. మూతకు అంటించేస్తే అరగంట పని. ఈయక్క ఒప్పుకుంటేనా! పైన వద్దంట, రెండు పక్కలా కిందుగా పెట్టల్లంట. మొదటి దినం రాతి దుమ్ముకు జిగురు నిలవక ఊడిపాయె. నిన్న లోపల తిరిగే లేజర్ తల పోతా పోతా వైరును ఈడ్చుకోనిపాయె. ఇప్పుడు అల్యూమినియం పట్టాలో బిగిస్తాండా. ఎవురన్నా లైటు కింద పెడతారా అంటే, 'మా మామ చెప్పినాడు' అంటాది."

"నేనా? నేనేం చెప్పినా?"

సాయికుమార్ స్విచ్చి వేశాడు.

పెట్టె లోపల రెండు గోడల వెంట, రాయి మట్టానికి బెత్తెడు ఎత్తులో, తెల్లటి వెలుతురు అడ్డంగా పరుచుకుంది. అందులో నల్లరాయి ఉంది. రాయి మీద గీత ఉంది. సూది మొనతో గీసిన గీత వెంట్రుకంత నీడతో లేచి కనబడుతోంది. గంగులప్ప పెట్టె మీదికి వంగాడు. ఆర్నెల్లలో మొదటిసారి ఆయనకు గీత కనబడింది.

ఆయనే చెప్పాడు. వాణి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పొద్దున పూట వాకిలి దగ్గరే కూర్చుని ఎందుకు చెక్కుతారని అడిగితే చెప్పాడు. 'వెలుతురు నెత్తి మీద పడితే నల్లరాయి అద్దమై మెరుస్తాదమ్మా, గాటు మాయమైపోతాది. పక్కనుంచి ఏటవాలుగా పడల్ల. అప్పుడే రాయి తన లోపల ఏముండాదో సూపిస్తాది.' ఆ మాట తాను ఎప్పుడో మరిచిపోయాడు. ఆ పిల్ల దాచుకుంది.

"నాకు ఏల చెప్పలేదమ్మా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"చెప్తే, నా కండ్లకేమైంది అంటారు గదా మామా. అందుకే నాకే కనపడలేదని పెట్టించుకున్న్యానని చెప్పల్లనుకుంటి."

నారాయణమ్మ షట్టరు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గంగులప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అయితే ఆ పూలమ్మ రాయి... నీకు తెలుసునా?"

వాణి తల వంచుకుంది. "రాయి మీద దుమ్ములో మీ బొటనవేలి గుర్తు ఉండె మామా. గీతకు రెండు వేళ్ళు కిందికి."

"తెలిసీ, నాదే తప్పంటివే! మల్లప్ప ముందర చేతులు జోడిస్తివే!"

"మరేం చెయ్యల్ల మామా? ఈ కొట్టుకు బోర్డు లేదు. మీ చెయ్యే బోర్డు. నేను తప్పు చేస్తే పిల్ల నేర్చుకుంటాందిలే అంటారు. మీరు చేసినారంటే..."

గంగులప్ప తుండుతో మొహం కప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ కోడలు తన చేతిలో పని లాక్కుంటుందేమోనని కాపలా కాశాడు. ఆ పిల్ల తన పరువుకు కాపలా కాసింది. నారాయణమ్మ వచ్చి భర్త వీపు మీద చెయ్యి వేసింది, చాలాసేపు తియ్యలేదు.

సాయికుమార్ చివరి స్క్రూ బిగించి, టీ తాగి, కుప్పం బస్సు ఎక్కాడు. పోతూ పోతూ, తమ ఫ్యాక్టరీలో మిషన్లకు కూడా లైట్లు పక్కనే పెట్టి చూస్తానన్నాడు.

పది దాటాక మల్లప్ప వచ్చాడు. వాణి కుర్చీ వేసింది. అతను ముభావంగా కూర్చుని, "ఈసారన్నా జాగ్రత్తమ్మా. మా యమ్మకు ఇంకోసారి అట్ల జరిగితే ఓర్చుకోలేను," అన్నాడు.

వాణి "సరేనన్నా" అనేలోపు గంగులప్ప లేచి నిలబడ్డాడు.

"మల్లప్పా, వాణిని అనొద్దు. కంప్యూటరూ కాదు, ఆ పిల్లా కాదు. రాయి పెట్టింది నేను. గీత నాకు కనపడలేదు. కనపడలేదని చెప్పేదానికి మొహం చెల్లక అబద్ధం చెప్పినా."

మల్లప్ప నమ్మలేనట్టు చూశాడు. "మా నాయిన రాయి గూడా చెక్కింది నువ్వే గద పెద్దాయనా."

"నేనేనప్పా. అప్పుడు కండ్లు ఉన్న్యాయి."

మల్లప్ప లేచి వాణి దగ్గరికి పోయి, "పోయిన వారం నోరు జారినా, మనసులో పెట్టుకోవద్దమ్మా," అన్నాడు. మళ్ళీ గంగులప్ప వైపు తిరిగాడు. "ఈ రాయి గూడా నువ్వే పెట్టు పెద్దాయనా. మా నాయిన పక్కన ఉండేది గదా."

గంగులప్ప తడిగుడ్డతో రాయి తుడిచాడు. లైటు వేసి, గీతకు గీత కలిపి కూర్చోబెట్టాడు. అలవాటు కొద్దీ బొటనవేలితో అంచు తడిమాడు. మూత వేయబోయి ఆగి, నలభై ఏళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"వాణీ, నువ్వు గూడా ఒకసారి సూడమ్మా."

ఆమె వంగి చూసింది. "సరిగ్గా ఉండాది మామా."

మూత వేశాడు. మిషను కదిలి, పూలమ్మ బొమ్మను కొప్పు దగ్గర మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ గంగులప్ప ఇంట్లో మేకుకు తగిలిద్దామని తాళంచెవి తీసుకుని, ఆగి, దాన్ని వాణి చేతిలోనే పెట్టాడు.

"మధ్యాన్నం మదనపల్లెకు బస్సు ఎన్నింటికమ్మా? ఆ కండ్ల డాక్టరు దగ్గరికి నువ్వు గూడా రా. మీ యత్తతో పోతే దావంతా ఆ గడప కథే చెప్తాది."