తిమింగలం నోరు

చర్చి వెనక కార్లు నిలిపే చోట ఆ సాయంత్రం పదకొండు డిక్కీలు తెరుచుకున్నాయి. మిఠాయి కోసం పిల్లల్ని చీకట్లో ముక్కూమొహం తెలియని గుమ్మాలకు పంపడం ఆ ఊళ్లో మానేసి చాలా కాలమైంది. అక్టోబరు చివరి రోజున, దయ్యాల పండక్కి, పెద్దలు డిక్కీలు అలంకరించి కూర్చుంటారు. పిల్లలు వేషాలు కట్టి కారు నుంచి కారుకు తిరుగుతారు. ఏ బిడ్డా కంటి ముందు నుంచి తప్పిపోదు.

లుయెల్లా తన పాత కారు డిక్కీని తిమింగలం నోరుగా చేసింది. అంచు చుట్టూ అట్టపళ్లు, అడుగున నాలుకలా ఎర్ర దుప్పటి. ఆరేళ్ల మనవరాలు టెస్సా గోనె చొక్కా తొడుక్కుని, బైబిల్లో తిమింగలం మింగిన యోనాలా లోపల కూర్చుని చాక్లెట్లు పంచుతోంది.

"ఇది నన్ను కూడా మింగేట్టుంది లుయెల్లా," అన్నాడు పక్క కారు మెర్ల్.

"నిన్ను మింగితే దానికి అజీర్తి చేస్తుంది. అవతలికి పో."

నవ్వింది గానీ, ఆమె చెయ్యి కోటు జేబులోని చిన్న పుస్తకాన్ని తడుముతూనే ఉంది. మొన్న వేసవిలో కొన్నది. పొయ్యి ఆర్పాను, మాత్ర వేసుకున్నాను, తలుపు వేశాను... అన్నీ అందులో రాసుకుంటుంది. పొద్దున పిల్లను దింపుతూ కూతురు కార్లీన్ మెల్లగా చెప్పింది: "బడి దగ్గర మరిచిపోయినట్టు ఇంకొక్కసారి దీన్ని మరిచిపోయావంటే, నీ దగ్గర వదలలేనమ్మా. కోపంతో కాదు. భయమేసి."

ఆరింటికి గాలి లేచింది. తడి ఆకుల వాసన, ఆరిపోయిన గుమ్మడికాయ దీపాల కమురు వాసన. వాన ఒక్కసారిగా దిగింది. అందరూ డిక్కీలు దబదబా మూసి చర్చి హాల్లోకి పరిగెత్తారు. లుయెల్లా కూడా మూసింది.

నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

టెస్సా దిగిందా?

మూతను నొక్కడం గుర్తుంది. అట్టపళ్లు నలిగిన చప్పుడు గుర్తుంది. దానికి ముందు... ఏమీ లేదు.

వెనక్కి వచ్చి మూత మీద చెవి ఆనించింది. వాన చప్పుడు. ఆ చప్పుడు కింద ఇంకొకటి.

టక్. టక్. టక్.

"టెస్సా... తల్లీ..."

"చీకటిగా ఉంది," అంది లోపలి గొంతు, సన్నగా. "తియ్యవా..."

తాళంచెవి జేబులో లేదు. రెండో జేబులో లేదు. ముందు సీటు తడిమింది. నీళ్లలో మోకాళ్ల మీద పడి చక్రాల కింద వెతికింది. మెర్ల్‌ను పిలిచింది గానీ, వానలో ఆ కేక హాలు దాకా పోలేదు. లోపల గోళ్లు అట్టను గీకుతున్నాయి. ఇప్పుడు ఇంకా మెల్లగా... ఇంకా మెల్లగా...

"దేవుడా, నన్ను మరిచిపో. దాన్ని మాత్రం మరిచిపోకు."

లేవడానికి మూత పట్టుకుంది. చేతికి చల్లగా ఇనుము తగిలింది. తాళంచెవి డిక్కీకే వేలాడుతోంది. అంతసేపూ అక్కడే ఉంది.

తిప్పింది. మూత లేచింది.

ఖాళీ. ఎర్ర దుప్పటి, నాలుగు చాక్లెట్లు. అట్టపళ్లన్నీ లోపలి నుంచి గీకి గీకి పీలికలై ఉన్నాయి.

"అమ్మమ్మా, ఎందుకలా తడుస్తున్నావు?"

వెనక మెర్ల్ గొడుగు పట్టుకుని ఉన్నాడు. గొడుగు కింద టెస్సా, మూతి నిండా కోకో.

"నువ్వేగా నన్ను మెర్ల్ తాతతో లోపలికి పొమ్మన్నావు!"

లుయెల్లా ఆ పిల్లను పొదువుకుంది. "మరి... డిక్కీలో ఎవరున్నారమ్మా?"

"నెల్డా. నేను దిగగానే ఎక్కి కూర్చుంది. చిన్నప్పుడు నువ్వూ తనూ దాగుడుమూతలు ఆడేవారంట."

మెర్ల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

నెల్డా. ఎంత తవ్వుకున్నా ఆ పేరు గల మనిషి ఎవరూ తగల్లేదు. కార్లీన్ కారు దీపాలు మలుపు తిరుగుతున్నాయి. పేరు మళ్లీ జారిపోకముందే రాసుకుందామని లుయెల్లా పుస్తకం తీసి కొత్త పేజీ తిప్పింది.

"అమ్మా," కార్లీన్ కారు అద్దం దించింది. "ఏమీ మరిచిపోలేదు కదా?"

కొత్త పేజీ మీద అప్పటికే రాసి ఉంది. పెన్సిలుతో, ఎనిమిదేళ్ల వయసప్పటి తన గుండ్రటి రాతలో, వెలిసిపోయి:

*నెల్డాను బయటికి తియ్యాలి.*