తొమ్మిదో నంబరుకు ఒక సవరణ

నా ఫారంలో మూడు రోజులకూ కలిపి ఒకే ఒక్క గీత ఉంది. ఆ గీత నేనే.

నేను కౌన్సిల్ ఆఫీసులో క్లర్కుని. సమావేశంలో ఎవరేమన్నారో పొల్లుపోకుండా రాయడం, ప్రజల్లోంచి ఎవరైనా మాట్లాడటానికి లేస్తే మూడు నిమిషాలు కాగానే గంట కొట్టడం నా ఉద్యోగం. ఆ వారం మాత్రం నన్ను తీసుకెళ్ళి మిట్ట మీద ఉన్న క్లినిక్ స్టాపులో కూర్చోబెట్టారు. తొమ్మిదో నంబరు బస్సు ఉంచాలా, తీసెయ్యాలా అని కౌన్సిల్ తేల్చాలట. అందుకని ఆ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టాలి. మనిషికో గీత.

మూడో రోజు సాయంత్రం దాకా పురుగు కూడా ఎక్కలేదు. ఆఖరి ట్రిప్పు వేళకి వాన దంచడం మొదలుపెట్టింది. నా గొడుగు వెనక్కి తిరగబడింది. ఫారం తడవకుండా చొక్కాలో దాచుకుంటుంటే బస్సు వచ్చి నా ముందే ఆగింది.

"ఎక్కండి," అంది డ్రైవరు. నా ఈడు అమ్మాయే. చేతులు మోచేతుల దాకా మడిచి, స్టీరింగు మీద ఆనుకుని, నన్నూ నా గొడుగునూ మార్చి మార్చి చూస్తోంది.

"ఎక్కకూడదండీ. డ్యూటీలో ఉన్నాను."

"తడవడమా డ్యూటీ?"

"ఈ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో లెక్కపెడుతున్నా."

"ఎంతమంది ఎక్కారేంటి?"

"సున్నా."

ఆమె మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ వచ్చింది. "మీరెక్కితే ఒకటవుతుందిగా. రండి, గొడుగుగారూ!"

ఎక్కాను. బస్సంతా ఖాళీ. టికెట్ తీసుకుని, నిజాయితీగా నా పేరిట ఒక గీత గీసుకున్నాను. ఆమె అద్దంలోంచి అది చూసి పకపకా నవ్వింది. అప్పుడు నా గుండె ఏం చేసిందో రాయడానికి ఫారంలో గడి లేదు.

తర్వాతి సమావేశంలో తొమ్మిదో నంబరు రద్దు ప్రతిపాదన వచ్చింది. ఆధారం: నా ఫారం. ప్రజల కుర్చీల్లోంచి మొదట లేచింది ఎవరనుకున్నారు? ఆమే! యూనిఫాం ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది. నన్ను చూసి కనుబొమలెగరేసింది. నేను పెన్ను కింద పడేసుకున్నాను.

"ఈ బస్సు నమ్ముకుని మోకాళ్ళనొప్పులవాళ్ళు, కట్లు కట్టించుకునేవాళ్ళు రోజూ క్లినిక్కుకి వస్తారు. బస్సు తీసేస్తే వాళ్ళు ఇంట్లోనే కూర్చుంటారు," అంది.

అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకున్నారు. "మరి స్టాపులో ఎవరూ ఎక్కడం లేదేం? మూడు రోజుల్లో ఒక్కరే ఎక్కారు."

"ఆ ఒక్కరూ మీ క్లర్కే!"

హాలంతా గొల్లున నవ్వింది. అధ్యక్షురాలు నవ్వలేదు. "అది జవాబు కాదమ్మా. ఎందుకు ఎక్కడం లేదు?"

ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరవబోయింది. నా ముందున్న గడియారంలో మూడు నిమిషాలు నిండాయి. అలవాటైన చెయ్యి ఆగదు కదా, గంట కొట్టేశాను.

ఆ చూపు నేను చచ్చినా మర్చిపోను.

ఓటింగు మరుసటి వారానికి పడింది. వరండాలో ఆమె వెంట పరుగెత్తాను. "ఏమండీ! రూలు ప్రకారం కొట్టానండీ."

"కొట్టండి. మీ గంట సరైనదే, మీ లెక్కే తప్పు."

"ఎక్కడ తప్పో చెప్పండి, దిద్దుతాను."

"చెప్తే నా ఉద్యోగం పోతుంది," అని చరచరా మెట్లు దిగిపోయింది.

ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. నానమ్మ మోకాలికి తైలం రాసుకుంటూ నన్నే గమనిస్తోంది. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, కాబట్టి దాచుకోవడానికి చోటుండదు. మొత్తం కక్కేశాను.

"ఒరేయ్, అంటే నీ లెక్కలో నేను లేనా?" అంది నానమ్మ.

"నువ్వెందుకుంటావ్?"

"రోజు విడిచి రోజు మోకాలి వ్యాయామానికి క్లినిక్కుకి వెళ్ళేది ఎవర్రా? ఆ బస్సులోనేగా! నువ్వు స్టాపులో కూర్చున్నప్పుడు కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాను. తల ఎత్తితేగా!"

"మరి స్టాపులో ఎక్కలేదే?"

"ఆ మిట్ట ఎక్కి స్టాపుకొస్తే నాకింకో మోకాలు కావాలి. ఆ పిల్ల బంగారం. కింద మలుపులో, క్లినిక్ గేటు ముందే బస్సు ఆపి, చెయ్యి పట్టి ఎక్కిస్తుంది. అందరం అక్కడే ఎక్కుతాం. పై స్టాపులో ఎక్కేవాళ్ళెవరు, నీలాంటి వెర్రిబాగులవాడు తప్ప?"

స్టాపు కానిచోట బస్సు ఆపడం డ్రైవర్లకు పెద్ద తప్పు. ఆ సంగతి చెప్తే బస్సు నిలుస్తుంది, ఆమె ఉద్యోగం ఊడచ్చు. చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, బస్సు పోతుంది. మూడు రోజులు ఎండకూ వానకూ ఓర్చి నేను లెక్కపెట్టింది తప్పు చోటన్నమాట!

మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్ళాను. ఆమె బస్సు అద్దం తుడుస్తోంది.

"గేటు సంగతి తెలిసిపోయింది. మా నానమ్మ చెప్పింది."

గుడ్డ ఆగింది. "కర్ర మీద ఎర్ర తాడు చుట్టుకుంటుంది, ఆవిడా?"

"ఆవిడే. మీరు వద్దంటే నేనెక్కడా అనను. ఒట్టు."

ఆమె నా వైపు తిరిగింది. "నా ఉద్యోగం ఒకటి. గేటు దగ్గర కర్రలు పట్టుకుని నిలబడేవాళ్ళు రోజుకి ముప్పై మంది. మీకు లెక్కలు బాగా వచ్చుగా గొడుగుగారూ, మీరే చెప్పండి." గుడ్డ భుజాన వేసుకుంది. "నేనే లేచి చెప్తాను."

"మీరు చెప్పలేరు. ఒక అంశం మీద ఒకరికి ఒక్కసారే అవకాశం. మీ మూడు నిమిషాలూ అయిపోయాయి."

"మీరు కొట్టారు కదా గంట!" అని గుడ్డ నా మీదికి విసిరింది. పట్టుకున్నాను. అప్పుడే నిర్ణయించుకున్నాను కూడా.

ఓటింగు రోజు ప్రజల కుర్చీలు నిండిపోయాయి. అన్నీ కర్రలే, కట్లే! అంశం రాగానే నేను లేచి, గంట తీసుకెళ్ళి అధ్యక్షురాలి ముందు పెట్టాను.

"ఏమిటిది?"

"మేడం, నేను కూడా ఈ ఊరి మనిషినే. నాకూ మూడు నిమిషాలు కావాలి."

నా ఫారం పైకెత్తి చూపించాను. "తప్పు నా లెక్కది. జనం ఎక్కే చోట కాకుండా బోర్డు పాతిన చోట కూర్చున్నాను. వాళ్ళు కింద గేటు దగ్గర ఎక్కుతున్నారు. డ్రైవరు అక్కడ ఆపడం రూలుకి విరుద్ధమే. కానీ ఆమె ఆపకపోతే, ఈ రోజు ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది నడవలేకపోయేవాళ్ళు. స్టాపునే గేటు దగ్గరికి మార్చండి. అప్పుడు రూలూ నిలుస్తుంది, మనుషులూ నిలుస్తారు."

అధ్యక్షురాలు గంట కొట్టారు. ఇంత కర్కశంగా మోగుతుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

"రూలు తప్పిన డ్రైవరుని మెచ్చుకోమంటారా?" అని ఒక సభ్యుడు గుర్రుమన్నాడు.

ఎర్ర తాడు కర్ర నేలకి టకటక కొట్టుకుంది. నానమ్మ!

"ఏం నాయనా, ముందు ఆ మిట్ట ఎక్కి చూపించు. తర్వాత రూలు మాట్లాడుకుందాం." చప్పట్లు మోగాయి. నేను నా కుర్చీలో కూలబడి గంట మళ్ళీ నా ముందుకి లాక్కున్నాను. నానమ్మ ఆగితేనా! "ఇంకో ముక్క. వీడు నా మనవడు. వాన కురిసిన రోజు నుంచీ ఇంట్లో తొమ్మిదో నంబరు తప్ప ఇంకో మాట లేదు. అది బస్సు మీద ప్రేమ కాదని నాకు తెలుసు. ఆ డ్రైవరమ్మాయి కూడా ఇక్కడే ఉంది. అమ్మా, మా వాడు నీకిష్టమేనా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె లేచి నిలబడింది. పెదవులు కదిలాయి. నేను హడలిపోయి గంట కొట్టేశాను.

నానమ్మ లేచి రెండు నిమిషాలు కూడా కాలేదు. నా ఉద్యోగంలో తప్పుగా కొట్టిన గంట అదొక్కటే.

నవ్వుల మధ్యే ఓటింగు జరిగింది. బస్సు ఉంటుంది. స్టాపు గేటు దగ్గరికి మారుతుంది. డ్రైవరుకి ఒక హెచ్చరిక, ఒక కృతజ్ఞత, రెండూ ఒకే కాగితం మీద. జనం ఆమెని చుట్టుముట్టి బయటికి తీసుకుపోయారు. నేను తలుపు దాకా కూడా వెళ్ళలేకపోయాను. తర్వాత వారమంతా డిపో వైపు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

కానీ సమావేశం రికార్డు, అదే మినిట్స్, రాయాలి కదా. పొల్లుపోకుండా రాయడమే నా పని కాబట్టి, సిగ్గుతో చస్తూ నానమ్మ మాటలన్నీ రాశాను. చివర్న ఇలా రాశాను: "డ్రైవరు సమాధానం చెప్పలేదు."

తర్వాతి సమావేశం మొదట్లో, రివాజు ప్రకారం, పాత మినిట్స్ చదివి ఆమోదం తీసుకోవాలి. చదివేది నేనే. చెవులు కాలిపోతున్నాయి. సభ్యులు మూతులు బిగపట్టి నవ్వుతున్నారు. ఆ ఆఖరి వాక్యం గొణిగి, గబగబా కూర్చున్నాను.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అన్నారు అధ్యక్షురాలు.

"ఉంది. ఒక సవరణ."

వెనక వరసలో లేచి నిలబడింది, యూనిఫాంలోనే, చేతులు మోచేతుల దాకా మడిచి.

"మినిట్స్‌లో తప్పుంది మేడం. డ్రైవరు సమాధానం చెప్పింది. క్లర్కుగారు గంట కొట్టడంతో ఎవరికీ వినపడలేదు."

అధ్యక్షురాలు ఈసారి నవ్వారు. "రికార్డు సరిగ్గా ఉండాలి. ఏం సమాధానం చెప్పావమ్మా?"

ఆమె సూటిగా నన్నే చూసింది. "ఇష్టమే అన్నాను."

ఓటింగు అడగకుండానే చేతులన్నీ లేచాయి. వెనక ఎర్ర తాడు కర్ర అన్నిటికంటే పైకి లేచింది.

"రాయవయ్యా," అన్నారు అధ్యక్షురాలు.

రాద్దామని వంగాను. పెన్ను మళ్ళీ కింద పడింది.